అలిగిన పేనుబంక

బుట్టలల్లే అక్కాచెల్లెళ్ళు పొద్దున్నే విల్లో చువ్వలు నీళ్ళలో నానేస్తారు, మధ్యాహ్నానికి అల్లికకి కూర్చుంటారు. పెరట్లో విల్లో చెట్టు మానంతా పేనుబంక, రసం పీల్చే పురుగు. అలాంటిలాంటిది కాదు, ఒక్కోటీ మిరియపు గింజంత, వీపు మీద ముల్లుతో. అన్నీ ఆడవే. మగది ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. అచ్చం మీ ఇల్లే అని పక్కింటి పిన్ని వేళాకోళం.

మనిషి నీడ పడితే చాలు, అన్నీ ఒక్కసారే వెనక్కాళ్ళెత్తి ఆడిస్తాయి. సాయంత్రం నాలుగింటికి మాత్రం ఏ నీడా పడకుండానే ఎత్తుతాయి. అది అమ్మ. పోయి రెండేళ్ళయినా పెరట్లోకి రావడం మానలేదు. చెల్లి మూడో కప్పు టీ గట్టు మీద పెట్టి తన పనిలో పడిపోతుంది.

ఈ ఏడు అక్కకి పట్నంలో అల్లిక నేర్పే బడి నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి. ఇలాంటి ఉత్తరాలు అమ్మ బతికుండగా రెండు పొయ్యిలో పెట్టింది. అందుకే అక్క ముందుగా చెట్టు దగ్గరికెళ్ళి చెప్పుకుంది.

ఆ సాయంత్రం నాలుగయింది. ఒక్క కాలూ లేవలేదు. మర్నాడూ అంతే.

"అలిగింది," అంది చెల్లి. "ఇప్పుడు పొయ్యి అందదుగా, ఏం చేస్తుంది పాపం."

సోమవారం చూస్తే మాను నున్నగా ఉంది. అవి ఏటా మాయమయ్యేవే, ఎక్కడికెళ్తాయో ఎవరికీ తెలీదు. కానీ ఇంకా నెల టైముంది. అక్క సంచి కింద పెట్టేసింది.

"నేను వెళ్తే ఇంకెప్పటికీ రాదేమోనే."

వస్తే టీ తనిస్తాలెమ్మని చెల్లి ఆమెని బస్సుదాకా తోసుకెళ్ళింది.

బస్సు కదలబోతుంటే అక్క మనసు ఆగలేదు. దిగిపోదామని ఒళ్ళో బుట్ట పట్టుకుని లేచింది. పిడి మీద ఒకే ఒక్క పేనుబంక. ఎండ నేరుగా దాని మీదే ఉంది, ఏ నీడా లేదు. అయినా వెనక్కాళ్ళెత్తి ఆడించింది, పక్క సీటు వైపు తిరిగి.

అక్కకి నవ్వొచ్చింది. మెల్లగా కూర్చుంది. ఒక్కతి చాలు, మగతోడు లేకుండానే మానుకి సరిపడా కనేస్తుంది. పట్నంలో బడి చుట్టూ అన్నీ విల్లో చెట్లేనట.

నించున్న ఒకాయన పక్క సీటు ఖాళీ అనుకుని కూర్చోబోయాడు. కండక్టరు బుట్ట పిడి మీద ఆడుతున్న కాళ్ళ వంక చూసి, ఆయన భుజం తట్టాడు.

"అక్కడ మనిషున్నారండీ."