నాన్న గడ్డం ఆకు

మా అత్తగారు సనోబర్‌కి చావంటే భయం లేదు. పరాయిదానిలా మట్టిలో కలవడమంటేనే భయం.

మా లోయలో ఆడవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లికూతురు అత్తారింటికి బయల్దేరేటప్పుడు తల్లి తమ కొండమీది పువ్వు గింజలు ఆమె ముసుగు కొంగున ముడివేసి పంపుతుంది. వాటిని మెట్టినింటి గడప పక్కన చల్లుకోవాలి. ఆమె పోయాక ఆ మొక్కల గింజలే సమాధి తలాపున చల్లుతారు. ఆ పువ్వు పూయని సమాధిలో ఆడది చుట్టపుచూపుగా పడుకున్నట్టే లెక్క.

మా అత్తగారి గడప పక్కన రాతి సందులో పసుపు శబ్‌బూ పువ్వు ప్రతి వసంతంలోనూ విరగబూస్తుంది. పెళ్లినాడు కంచరగాడిద మీద కనుమ దాటుతూ, దారిపొడవునా కొంగు నములుతూ ఏడ్చానని, "మనం తెస్తున్నది కోడల్నా, మేకనా?" అని తన మావగారు వేళాకోళం చేశాడని ఆవిడ ప్రతి పెళ్లిలోనూ చెప్పి అందర్నీ నవ్విస్తుంది. కనుమ అవతలి ఆ ఊరూ, దాని కొండా ఇప్పుడు డ్యాము నీళ్ల అడుగున ఉన్నాయి. ఇక ఆవిడకి పుట్టిల్లంటే ఆ మొక్కే.

ఆ వసంతంలో నేనూ నా భార్య తహ్మీనే ఊరు వెళ్లాం. నేను పట్నం బజారులో గడియారాలు బాగుచేస్తాను. పని ఎంత సన్ననిదో కోపం అంత లావని తహ్మీనే అంటుంది. అబద్ధమేం కాదు.

అత్తగారి కళ్లకి పొర కమ్మింది. గడప మీద కూర్చుని, ఎర్ర ఉన్నిదారం ముక్క నా చేతిలో పెట్టింది.

"అల్లుడూ, బలమైన కొమ్మ చూసి దీన్ని కట్టు. ఈ యేటి గింజలు దాచిపెట్టాలి. నా టైము అయిపోవచ్చింది."

"టైము సంగతి నాకొదిలెయ్యండి అత్తా. ఆగినవాటిని ఆడించడమే నా పని."

"ఆడించావులే! మీ మావ గడియారం నీ చేతిలో పడ్డాకే ఆగింది."

అలవాటుకొద్దీ జేబులోంచి భూతద్దం తీసి కంటికి తగిలించుకున్నాను. కొమ్మ చూడబోయి ఆకు చూశాను. ఉత్త కంటికి అది ఒట్టి బూడిదరంగు ఆకు. అద్దంలో దాని నిండా తెల్లటి సూదులు! ప్రతి సూదికీ రెండు వైపులా మొన. నడుం దగ్గర మాత్రం ఆకుకి అంటుకుని ఉంది. అన్నీ ఆకు పొడవునే పడుకున్నాయి, ఒక్కటీ అడ్డం తిరగలేదు. పుట్టి బుద్ధెరిగి చక్రాలూ ముళ్లూ చూసిన కళ్లు నావి. ఇంత పొందిక ఏ గడియారంలోనూ చూడలేదు.

"అత్తా, మీ ఆకుకి ఎవరో తల దువ్వారు," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "దువ్వినట్టుందా? చెంపకి రాసి చూడు, నిలువునా."

రాశాను. "పట్టులా జారుతోంది."

ఆవిడ చేయి చాపి ఆకు తీసుకుంది. తన చెంపకి రాసుకుంది. మళ్లీ రాసుకుంది.

"ఇది మాది కాదు," అంది. "మాది ఎటు రాసినా గీరుకుంటుంది. చిన్నప్పుడు ఆడపిల్లలందరం రాసుకుని, 'నాన్న గడ్డం, నాన్న గడ్డం' అని అరిచేవాళ్లం."

"మరి ఇన్నాళ్లూ ఒక్కసారీ రాసుకోలేదా అమ్మా?" అంది తహ్మీనే.

"కొత్త కోడల్ని, మా అత్తగారి ఎదుట ఆకులు చెంపకి రాసుకుంటూ కూర్చోనా? అదే రంగు, అదే వాసన, అవే నాలుగు రేకులు. మొలిచింది కదా అని నీళ్లు పోశాను." చేతిలోని ఆకు నలిపింది. "అయితే ఇన్నాళ్లూ ఈ ఊరి పువ్వుకే పోశానన్నమాట. సరే. చుట్టంగానే పోతాను."

దారం నా చేతిలోంచి తీసుకుని తన వేలికి చుట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, ఆ పువ్వు మీద. మర్నాడు పొద్దున్నే టీ తాగి వాలులన్నీ గాలించాను. పసుపు కనిపించిన చోటల్లా మోకాళ్ల మీద పడటం, ఆకు చూడటం. అన్నీ దువ్విన తలలే.

"నమాజుకి వంగని నడుం పువ్వుకి వంగుతోందే!" అంది తహ్మీనే, వాలు మీదికి రొట్టె తెచ్చి అందిస్తూ.

తారురోడ్డు పడ్డాక కనుమ మీది పాత కంచరదారిలో గొర్రెలు తప్ప ఎవరూ నడవరు. నీళ్లు తాగుదామని ఆ దారిలో ఉన్న ఊట దగ్గరికి వెళ్లాను. ఊట పైన మలుపులో, రాతి పగులులో ఒక మొక్క. అదే పసుపు, అదే వాసన. విసుగ్గానే అద్దం పెట్టాను.

ఆకు నిండా నక్షత్రాలు.

సూదులు కావు. ఒక్కో నూగుకీ మూడేసి, నాలుగేసి కిరణాలు. ఒకదాని మీద ఒకటి చేతులు వేసుకుని ఆకంతా కిక్కిరిసి ఉన్నాయి. చెంపకి రాసుకున్నాను. నిలువునా గీరింది, అడ్డంగా గీరింది.

కాస్త పైన ఇంకో మొక్క. నక్షత్రాలు. దారి వదిలి పక్క వాలులో చూశాను, సూదులు. మళ్లీ దారి మీదికొస్తే నక్షత్రాలు. దారి ఎటు తిరిగితే అవీ అటే తిరిగాయి. కనుమ ఎక్కి అవతలికి చూశాను. పాత దారి దిగుతూ దిగుతూ డ్యాము నీళ్లలోకి వెళ్లిపోయింది, పసుపు పువ్వులు దాని వెంటే నీటి అంచుదాకా వెళ్లాయి.

అప్పుడు గుర్తొచ్చింది, కొంగు నమిలిన మేక. గింజల ముడి ఆవిడ పళ్ల కిందే ఉంది! అక్కడే దారి మీద కూర్చుండిపోయాను. భగవంతుడి ముందు కూడా నేనంత చిన్నవాణ్ణయిన గుర్తు లేదు.

ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా ఆకు ఆవిడ చేతిలో పెట్టాను. చెంపకి రాసుకుంది. పెదవులు బిగబట్టి మళ్లీ రాసుకుంది.

"నాన్న గడ్డం," అంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "ఎక్కడిది?"

చెప్పాను. నీటి అంచు నుంచి కనుమ దాకా, కనుమ నుంచి ఇటు ఊట పైన మలుపు దాకా. ఆవిడ చేయి దానంతటదే ముసుగు కొంగు మీదికి వెళ్లింది.

"అమ్మా, మరి గడపలో నువ్వు చల్లినవి?" అంది తహ్మీనే.

"ఒట్టి ముడే విప్పి దులిపినట్టున్నాను. ఒకటీ అరా మిగిలితే మా అత్తగారి కోళ్లు తినుంటాయి." తర్వాత నావైపు తిరిగింది. "మలుపుకి ఇవతల ఒక్కటీ లేదా?"

"లేదత్తా. మలుపులోదే చివరిది."

పొర కమ్మిన ఆ కళ్లు దేన్నో చూశాయి. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"ఆ మలుపులోనే మీ మావ మొదటిసారి వెనక్కి తిరిగాడు. అప్పటిదాకా పెదవి విప్పితే ఒట్టు. 'కొంగు చాలకపోతే నా టోపీ ఇస్తాను, అదీ నములు' అన్నాడు. నవ్వాపుకోలేక కొంగు వదిలేశాను."

వేలికి చుట్టుకున్న ఎర్రదారం విప్పి నా చేతిలో పెట్టింది.

"ఆ చివరిదానికి కట్టిరా, అల్లుడూ. ఆయన సమాధి పక్కన నా తలాపున పూయాల్సింది అదే."