నాపబండల మీద అక్షరాలు

తొంభై రెండు ఎండాకాలం. ఆళ్ళగడ్డ పక్క మా ఊర్లో ఆడోళ్ళకు చదువు చెప్పమని అక్షరాస్యత ఉద్యమమోళ్ళు నాకు పలకలిచ్చినారు. ఒక్కరొస్తే ఒట్టు. నాకసలే ఓపిక తక్కువ. పలకలు మూలకు పారేసి, బడిలో నాపబండల మీద పెద్ద బారాకట్ట గీసినా. గడికో అక్షరం పెయింటుతో రాసినా. గవ్వలెయ్యాల, కాయ యాడ పడితే ఆ అక్షరం చదవాల, తప్పితే మళ్ళీ మొదటికి. చీట్లేసి జట్లు కట్టినా.

ఇంగ సూడు, మధ్యాహ్నం కూడు కూడా సరిగా తినకుండా వచ్చేవాళ్ళు. ఏండ్లుగా మాటల్లేని తోడికోడండ్లు ఒకే జట్టులో పడి, చెవిలో అక్షరాలు చెప్పుకునేవాళ్ళు. అందరికన్నా రంగమ్మ గట్టిది. ఎప్పుడూ ఆయమ్మ జట్టుదే గెలుపు.

రంగమ్మ పట్టుదల వేరే. మొగుడు బోర్లు వేసే లారీలో పనికి రాయచూరు పోయి రెండేండ్లయింది. వచ్చిన జాబులన్నీ మరిది గురుస్వామే చదువుతాడు. ఎప్పుడూ ఒకటే మాట: "బాగుండాడంట వదినా. నిన్ను ఈడనే ఉండి చేను చూసుకోమన్నాడు."

"ఒక్క జాబన్నా నేనే చదవాలక్కా" అనేది రంగమ్మ నాతో.

ఒకనాడు పోస్టుమ్యాను చేతిలో జాబు తానే అందుకుని నేరుగా బడికొచ్చింది. విప్పి చూసి నిలబడిపోయింది.

"ఇది 'క'నా అక్కా?"

కాదు. నాకు ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళు ఎట్ల గెలిచినావే?"

"తలుపు పక్క బండ 'క', కిటికీ కింద బండ 'మ'. జాబులో బండలు యాడుండాయి?"

తల కొట్టుకున్నా. తప్పు నాదే. రోజూ గీసేదానికి బద్ధకమై పెయింటేసిందాన్ని నేనే. అడిగి చూస్తే అందరూ బండలే నేర్చినారు.

"ఇటియ్యి, నేను చదువుతా" అన్నా.

రంగమ్మ జాబు రైకలో పెట్టేసింది. "నువ్వు చదివితే ఇంగ నేను రావడమెందుకు?"

అందరం కూర్చుని కిరసనాయిలుతో పెయింటు గీకినాం. ఇంగ రోజూ సుద్దతో గీయడం, అక్షరాలు తారుమారు చేయడం. ఆ మాటల్లేని తోడికోడండ్లే బోరింగు కాడ కూడా రంగమ్మ చేత మట్టిలో రాయించేవాళ్ళు. ఇంట్లో గురుస్వామి జాబొచ్చిందా అని అడిగితే రాలేదనేది. రెండు నిమిషాల్లో తేలే పనికి నేను నెలకు పైగా కాలు కాలిన పిల్లి మాదిరి తిరిగినా. రాత్రి నిద్ర లేదు, కూడు ఇంపు లేదు.

ఒకనాడు ఆట మధ్యలో లేచి జాబు తీసింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటా చదివింది.

"రంగీ, ఈడ ఇల్లు చూసినా. రమ్మని నాలుగు జాబులు రాసినా. నా మీద కోపమా?"

రంగమ్మ మొదటినుంచి ఇంగొకసారి చదివింది, ఈసారి ఆగకుండా.

"నంద్యాల్లో రాయచూరు బస్సు యాడ నిలబడతాదక్కా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపలే, "వద్దులే. బోర్డు చదువుకుంటా" అని కొంగు దోపుకుని బయటికి పోయింది.