మత్తు దిగాక

పాత ఇనుము వ్యాపారి ముందు ఎదుటివాడి మొహం తూచి, తరవాతే సరుకును కాటాకెక్కించేవాడు. వచ్చినవాడు నోరు తెరవకముందే ఎంతకు దిగుతాడో ఆయనకు తెలిసిపోయేది. కొట్టుకు అసలు పెట్టుబడి ఆ బుర్రేనని భార్యకు తెలుసు. అందుకే ఆయనకు గుండె కవాటం మార్చాలన్నప్పుడు ఆమెకు ఆ బుర్ర గురించే బెంగ పట్టుకుంది. అలాంటి ఆపరేషన్ తరవాత కొందరికి బుర్ర మందగిస్తుందని వింది.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, గుర్తుంచుకోమని ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అవేంటో అడిగింది. ఆయన గడగడా అప్పజెప్పి, ఎదురు బేరం పెట్టాడు.

“మత్తుకు గ్యాసు పెడతారా, నరంలోకి ఎక్కిస్తారా? మెదడుకు ఏది మేలు?”

“ఇదే కాపాడుతుందని తేల్చి చెప్పలేం, బాబాయ్ గారూ. మీకు నరంలోకే ఇద్దామనుకుంటున్నా. గుండె పని మిషన్ చేసినంతసేపూ మెదడుకు రక్తం అందుతోందా లేదా అని నుదుటికి పట్టీలంటించి చూస్తూనే ఉంటా. అవసరానికి మించి మత్తు ఇవ్వను.”

“గ్యారంటీ?”

“కాపలా ఉంటా. గ్యారంటీ ఇవ్వను.”

ఆవిడ వెళ్ళాక ఆయన భార్యతో అన్నాడు: “లోపం ముందే చెప్పింది. ఈవిడ దగ్గర మోసం ఉండదు.”

మోసం జరగలేదు. కవాటం కుదురుకుంది. మొదట్లో మగతలో నర్సును పట్టుకుని “కాటా ఎవరు కదిపారు?” అని కేకలేశాడు, అదీ సర్దుకుంది. ఐదు మాటలు మళ్ళీ అడిగితే తడుముకోకుండా చెప్పాడు. డాక్టరమ్మ మొహం విప్పారింది. భార్య ఊపిరి పీల్చుకుంది.

కొట్టు తెరిచిన రోజు మోటార్ల మెకానిక్ వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆయన చేత తిట్లు తింటూ సరుకు అమ్మినవాడు. ఆ తిట్లు వినాలనే, కాలిపోయిన మోటారు కింద పడేసి కొత్తదాని ధర చెప్పాడు.

“సరే, డబ్బు తీసుకో,” అన్నాడు వ్యాపారి.

మెకానిక్ పళ్ళికిలించాడు. “అదేంటి బావా, నోరు కూడా కోసి కుట్టేశారా? తిట్టు!”

“తిట్టడమెందుకు? అడిగావుగా.”

మెకానిక్ తన ధర తానే సగానికి దించాడు. “సరే,” అన్నాడాయన. ఇంకా దించాడు. దానికీ అదే మాట. మెకానిక్ మొహంలో నవ్వు చచ్చిపోయింది.

“అక్కా, నాకేం వద్దులే,” అని వెనక నిలబడ్డ భార్యతో అంటూ మోటారు ఎత్తబోయాడు.

“దించు,” అందామె. ముందుకొచ్చి, ఆయన్ని లేపి, ఆయన పీట మీద తాను కూర్చుంది. గుండె తిరిగొచ్చింది, మనిషిలో ఎంత మిగిలిందో తేలేదాకా కొట్టు మాత్రం ఆగడానికి లేదు. మోటారు తిరగేసి గోటితో గీరింది. “తీగంతా బొగ్గయింది. కొత్తదాని ధర చెప్పడానికి సిగ్గులేదూ? ఎంతకిస్తావ్?”

తిట్టయితే వచ్చింది గానీ ఆయన తిట్టులా పండలేదు. మెకానిక్ తల దించుకున్నాడు.

వెనకనుంచి ఆయన మెల్లగా అన్నాడు: “పాపం, కసరకే. అడిగినంత ఇచ్చెయ్.”