గెడ్డ సంగతి

లిదియా అరకు కొండల రైలు మార్గంలో ట్రాక్ మెయింటెయినర్. సొరంగాల మధ్య పట్టాలు చూసుకుంటూ రోజుకు ఎనిమిది కిలోమీటర్లు నడుస్తుంది. ఆ ఉదయం ఇంజనీరు దేవీప్రసాద్ ఆమె పనిచేస్తున్న చోటికి ఒక అతిథిని తీసుకొచ్చాడు. ఆవిడ చోడెన్, భూటాన్ నుంచి వచ్చిన ఇంజనీరు.

మన దేశం నుంచి భూటాన్‌కు వేయాల్సిన లైను అక్కడి లోయ ఒకదానిలో ఆగిపోయింది. కొండ తవ్వితే ఊటలు ఎండిపోతాయని ఊళ్లవాళ్లు సర్వేకు రానివ్వడం లేదు. రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తరాల్లో గొడవ ముదురుతోంది. ఇలాంటి కొండల్లో లైను పడ్డాక జనం ఎలా ఉన్నారో కళ్లారా చూడాలని చోడెన్ వచ్చింది. ఆవిడకు నమ్మకం కలిగించి పంపమని పైఅధికారులు దేవీప్రసాద్‌కు గట్టిగా చెప్పారు.

"లైను వల్ల మీ ఊరికేం జరిగింది?" చోడెన్ ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను అతను తెలుగులో అడిగాడు.

"ఆసుపత్రికి బేగి ఎల్తన్నాం సారూ. నాకు ఉద్యోగం వచ్చింది. గానీ రెండో లైనుకి కొండ తవ్వినపుడు కాంట్రాక్టరు రాళ్లన్నీ మా గెడ్డలో పోయించీసేడు. రెండేళ్లు నీళ్లు నేవు. ఆడోళ్లమంతా ఎల్లి పట్టాల పక్కన కూకుంటే అప్పుడు తీయించేరు."

దేవీప్రసాద్ ఆసుపత్రి, ఉద్యోగం సంగతి మాత్రం చోడెన్‌కు ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పి ముగించాడు.

"నానంత సెప్తే తమరింతే సెప్పేరేటి సారూ?" అంది లిదియా.

అతని ముఖం ఎర్రబడింది. నిజం చెబితే పైవాళ్లు ఊరుకోరు. దాస్తే రేపు ఆ లోయలోనూ ఇదే జరుగుతుంది. చోడెన్ వైపు తిరిగి మొత్తం చెప్పేశాడు.

చోడెన్ ఆ గెడ్డను, ఊరికి నీళ్లిచ్చే ఆ వాగును చూపించమంది. ముగ్గురూ దిగి వెళ్లారు. నీళ్లు పారుతున్నాయి. చోడెన్ వంగి దోసెడు తాగింది.

"ఏ నష్టమూ లేదంటే నేను నమ్మేదాన్ని కాదు. జరిగిందీ చెప్పారు, సరిదిద్దిందీ చూపించారు. ఈ మాట మావాళ్లకు చెప్పగలను" అంది.

నాలుగు నెలల తర్వాత దేవీప్రసాద్ లిదియా ఇంటికే వచ్చాడు.

"తవ్వకముందే ఊటలన్నీ ఊళ్లవాళ్లతో కలిసి రాసుకోవాలి. రాళ్లెక్కడ పోయాలో వాళ్లే చూపించాలి. ఈ షరతులకు రెండు దేశాలూ ఒప్పుకున్నాయి లిదియా! సర్వే మొదలైంది. ఆ లోయలో ఆడవాళ్లతో మాట్లాడ్డానికి నిన్ను పంపమని చోడెన్ గారు రాశారు. నీ మాట వాళ్ల భాషలో చెప్పే మనిషి ఉంటారట."

"నన్నేటి, దేశం దాటించేత్తారా?" లిదియా నవ్వు ఆపుకోలేకపోయింది.

అక్కడి చలికి పనికొస్తుందని ఆమె భర్త సమూయేలు సంతకెళ్లి ఆమెకు మందమైన ఉన్ని కోటు కొనుక్కొచ్చాడు. పది రోజుల తర్వాత ఊరి ఆడవాళ్లంతా స్టేషను దాకా నడిచొచ్చి ఆమెను రైలెక్కించారు.