అత్తగారి బరువు

నాకు తొమ్మిదో నెల వచ్చేసరికి మండపేట కాలవ కట్టేశారు. ఏటా ఎండాకాలం పూడిక తీయడానికి కట్టేసేదే, కొత్తేం కాదు. నీళ్ళుంటే సుబ్బరంగా పడవెక్కి రాజమండ్రిలో మా పుట్టింటికి చేరిపోయేదాన్ని. అప్పటికి రైలు మా వైపు రాలేదు. ఏడో నెలలోనే పంపండి మొర్రో అంటే మా మామగారు పంచాంగం తీసి మూఢం అన్నారు. మూఢం పోయింది, దానితోపాటు నీళ్ళూ పోయాయి. బురద ఎండి నెర్రెలు విచ్చిన కాలవను పెరటి అరుగు మీంచి చూస్తూ కూర్చోవడమే నా పనైంది.

ఒళ్ళు మండిపోయేది నాకు. మండదూ మరి? తొలి కాన్పుకీ ఇలాగే ఏదో వంక పెట్టి ఆపేశారు. పెరటి వైపు చీకటి గదిలో పురుడు పోశారు. వాళ్ళ మంత్రసాని ముసలిది, చూపు ఆనదు. బిడ్డ మెడకి పేగు చుట్టుకుంటే, ఆవిడ తడుముకునేలోపే అంతా అయిపోయింది. మగపిల్లాడు. ఒక్కసారైనా ఏడవలేదు. ఇప్పుడు మళ్ళీ ఆ గదికే సున్నం వేయిస్తున్నారు. ఆ సున్నం వాసన తగిలితే చాలు, నాకు ఊపిరాడేది కాదు.

మా అమ్మ ఇంటి పక్కన మరిడమ్మ అని మంత్రసాని ఉంది. అడ్డం తిరిగిన బిడ్డల్ని కూడా సరిచేసి బతికించిన చేయి ఆవిడది. నేనూ, నా తమ్ముళ్ళూ ఆవిడ చేతుల్లోనే పడ్డాం. ఆవిడ దగ్గరికి చేరితే ఈ బిడ్డ దక్కుతుంది. లేకపోతే దక్కదు. నా మనసులో అంతకు మించి ఇంకో ఆలోచనే లేదు.

ఎద్దుబండి కట్టించమని అడిగాను. మా అత్తగారు నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డారు. ఆవిడ నిలబడితే గుమ్మం నిండిపోతుంది, ఇటు నుంచి అటు పిల్లి కూడా దూరలేదు.

"ఆ గతుకుల్లో ఎద్దుబండా? దారిలోనే అవుతుందే. ఏ గట్టు మీద కంటావు? నోరు మూసుకుని కూర్చో."

పల్లకీ అడిగాను. బోయీలంతా ఎవరో జమీందారుగారింట్లో పెళ్ళికి పోయారట. మా ఆయన్ని అడుగుదామంటే కాకినాడ కొట్లో ఉన్నారు. ఉన్నా ఏం ఒరిగేది? తండ్రి ముందు ఆయనకు నోరు పెగలదు.

ఇక మిగిలింది మా మరిది జోగేశ్వరరావు. మేమంతా జోగేశం అనేవాళ్ళం. మీసాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. కొట్లో కూర్చోబెడితే దిక్కులు చూసేవాడు. వాడి ప్రాణమంతా ధాన్యం కొట్టు వెనక పడున్న ఒక పాత బండి మీద. కాలవల పని చూసే దొర ఒకాయన సీమకు పోతూ అమ్మేసిన బండి అది. టేకు చెక్క, ఇనుము పనికొస్తాయని మా మామగారు కొన్నారు. కొని వదిలేశారు. లోపల కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. జోగేశం మాత్రం పొద్దస్తమానం ఆ బండి కింద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. భోజనానికి పిలవాలంటే కాళ్ళు పట్టుకుని లాగాల్సిందే.

ఒక రోజు నేను ఏడుస్తుంటే చూసి, చేతులకున్న మడ్డి పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు.

"వదినా, ఆ బండి బాగుచేస్తే పోలేదూ? దానికి కమాన్లున్నాయండి."

"ఉంటే నాకేంటయ్యా?"

వాడు చెప్పాడు. ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి కట్టిన కట్టలట కమాన్లంటే. చక్రాలకీ, మనం కూర్చునే పెట్టెకీ మధ్య ఉంటాయట. గతుకు వస్తే అవి వంగి, కుదుపును అవే మింగేస్తాయట. "ఇప్పుడవి చచ్చిపోయాయి వదినా. తిన్నగా సాగిపోయాయి. కొత్తవి కట్టిస్తాను. పాతవాటికంటే గట్టివి. మీరు అందులో నిద్రపోతూ వెళ్ళిపోవచ్చు."

"చాల్లే సంబడం" అన్నాను. అన్నానే గాని, ఆ రోజు నుంచి నా చెవులు రెండూ కొలిమి వైపే.

రాజమండ్రి కలప అడితిలో విరిగిపోయిన పెద్ద రంపం రేకులు తెప్పించాడు. మామూలు ఇనుము వంగితే వంగే ఉంటుందట, రంపం ఉక్కయితే మళ్ళీ వెనక్కి లేస్తుందట. కమ్మరి సత్తియ్య వాటిని కోసి, ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచేవాడు. పెరడంతా కమురు కంపు. మా అత్తగారు ముక్కు మూసుకుని తిట్టిపోసేవారు. నాకు మాత్రం ఆ కంపు సున్నం వాసన కంటే హాయిగా ఉండేది. పాత కట్ట కంటే పట్టీలు ఎక్కువే వేసి, విప్పడానికి వీల్లేకుండా ఇనుప మేకులు దిగ్గొట్టి బిగించారు.

"ముందు నేను చూడాలి" అన్నారు మా మామగారు. "నా కోడల్ని పెట్టి పరీక్ష చేస్తానంటే కుదరదు. బస్తాలెయ్యండి."

బండివాడు బుల్లబ్బాయి బియ్యం బస్తాలు మోసుకొచ్చి వేస్తుంటే, మామగారు పక్కన నిలబడి లెక్క పెట్టారు. "లాభం. రెండు. మూడు." మా ఇళ్ళల్లో ఒకటి అనరు, లాభం అనే మొదలుపెడతారు. ఏడు అన్న మాట నోట రానివ్వరు, ఆరున్నొకటి అంటారు. అలా అనుకుంటూ పెట్టె నిండా వేయించారు. బస్తాల మీద నిండా నూనె పోసిన చెంబు పెట్టించారు. ఎద్దుల్ని కట్టించి కాలవ గట్టు మీద, గతుకుల్లో, అటూ ఇటూ తోలించారు. బండి తిరిగొచ్చాక ఆయనే వంగి చెంబులోకి చూశారు. ఒక్క చుక్క తొణకలేదు.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! ఉయ్యాలలా ఉందిరా!" అన్నారు కొడుకుతో. కొడుకుని ఆయన మెచ్చుకోగా నేను విన్నది ఆ ఒక్కసారే. జోగేశం ముఖం చూడాలి! నేనైతే వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వెళ్ళిపోతున్నాను. బిడ్డ దక్కుతుంది.

మంచి రోజు చూశారు. పొద్దున్నే వర్జ్యం లేకుండా కొంచెం సేపుంది, అది దాటితే మళ్ళీ అమావాస్య వెళ్ళేదాకా ప్రయాణాలు లేవన్నారు. అమావాస్య దాకా నాకు ఆగేలా లేదు. నాకు బొట్టు పెట్టి, ఒడి నింపి, దిండ్లు వేసి బండిలో కూర్చోబెట్టారు. తోడు జోగేశం. బండి తేలిగ్గా ఉండాలని వాడూ, బుల్లబ్బాయీ నడిచే వస్తామన్నారు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది.

బండి కదిలింది. మొదటి గతుక్కే నేను ఎగిరి పడ్డాను. నడుములో కలుక్కుమంది. ఏదో రాయి తగిలిందేమో అనుకుని పళ్ళు బిగబట్టాను. రెండో గతుకు. రోట్లో పడ్డ రోకలి దెబ్బలా కింద నుంచి వెన్నులోకి కొట్టింది. దిండ్లు ఎటుపోయాయో. వీధి చివరికైనా చేరకుండానే పొత్తికడుపు పట్టేసింది. వద్దనుకుంటూనే కేక పెట్టాను.

"ఆపండి! ఆపండిరా!" మామగారు పరుగెత్తుకొచ్చారు. "మన మామూలు ఎద్దుబండే నయంగా ఉంది. దింపండి దాన్ని. గదిలోకి తీసుకుపొండి."

గదిలోకి. ఆ మాట వినగానే బండి పక్క కర్రను రెండు చేతులా పట్టేసుకున్నాను. "నేను దిగను. చంపినా దిగను" అన్నాను. మామగారికి ఎదురు చెప్పడం అదే మొదలు.

జోగేశం బండి కింద దూరాడు. కాసేపటికి బయటికొచ్చాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కమాన్లు బిగుసుకుపోయి ఉన్నాయి నాన్నగారండీ. అసలు వంగడం లేదు. మనం బస్తాలకి సరిపెట్టాం. బరువుంటేనే అవి వంగుతాయి. వదిన ఒక్కరి బరువు వాటికి చాలడం లేదండి."

అదీ సంగతి! మా ఇంట్లో బరువంటే బస్తా. లేచింది మొదలు పడుకునేదాకా బస్తాలే. ఈ బండెక్కేది బస్తా కాదు, మనిషి అని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. చెంబులో నూనె తొణకలేదని చంకలు గుద్దుకున్నాం.

"అయితే బస్తాలెయ్యండి!" అని అరిచాను. "నా చుట్టూ బస్తాలెయ్యండి, వాటి మధ్య కూర్చుంటాను."

మామగారు చెవులు మూసుకున్నారు. "కోడల్నీ, ధాన్యాన్నీ ఒకే రోజు గడప దాటిస్తానా? ఇద్దరు లక్ష్ములూ ఒక్కసారే పోతే కొంపలో ఏం మిగులుతుంది?"

"పోనీ ఇసక గోతాలు వేద్దామండి" అన్నాడు జోగేశం.

"కడుపుతో ఉన్నదాని బండిలో మన్నా? నీకు మతి పోయిందిరా?"

రెండు పట్టీలు తీసేద్దామంటే మేకులు కోయాలి, సత్తియ్య కొలిమి రాజేయాలి. అంతలో వర్జ్యం వచ్చేస్తుంది. అన్ని దారులూ మూసుకుపోయాయి. అరుగు మీద ముసలి మంత్రసాని అప్పుడే వచ్చి కూర్చుంది, ఎవరు కబురు పెట్టారో ఏమో. గాజుకళ్ళు పైకెత్తి గాలి వింటోంది.

నా కళ్ళు మా అత్తగారి మీద పడ్డాయి. గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఎప్పటిలాగే గుమ్మం నిండా.

"అత్తయ్యా, మీరెక్కండి" అన్నాను.

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. కోపంతో అన్నానో, ఆశతో అన్నానో నాకే తెలియదు. ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా వంక చూశారు, అరుగు మీదున్న మంత్రసాని వంక చూశారు. తర్వాత చీర చెంగు నడుముకి బిగించి మెట్లు దిగారు.

"నువ్వెక్కడికే?" అన్నారు మామగారు. "ఇల్లెవరు చూస్తారు?"

"ఇల్లెక్కడికి పోతుందండీ? ఉంటుంది."

ఆవిడ ఎక్కేసరికి బండి కిర్రుమని కిందికి దిగింది. "బుల్లబ్బాయ్, నువ్వూ ఎక్కు. జోగేశం, నువ్వూ ఎక్కరా" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అని బుల్లబ్బాయి ముందు కూర్చున్నాడు. ఎద్దులు కదిలాయి. గతుకు వచ్చింది. కమాన్లు వంగాయి, లేచాయి. చెరువులో తేలినట్టుంది నాకు. కడుపులో పట్టు సడలింది. జోగేశం మోకాళ్ళ మీద తల పెట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఊరు దాటాక అత్తగారు తెర తొలగించి బయటికే చూస్తున్నారు. మామిడితోటలు చూశారు, ఎండిన చేలు చూశారు. ఎవడో గేదెల్ని తోలుకుపోతుంటే మెడ తిప్పి మరీ చూశారు.

"పెళ్ళై వచ్చాక ఈ దారి చూడ్డం ఇదేనే" అన్నారు చివరికి. "పుట్టింటికి పురిటికి నన్నూ పంపలేదు. ఆ గదిలో నావి ఇద్దరు పోయారు."

ఇన్నాళ్ళూ ఆ గదికి కాపలా ఈవిడే అనుకున్నాను. "మరి నన్నెందుకు ఆపారండీ?" అని అడిగేశాను.

"నన్నెవరూ పంపలేదుగా. పంపొచ్చని నాకేం తెలుసు?"

రాజమండ్రి చేరేసరికి సాయంత్రమైంది. మా అమ్మ ఎదురొచ్చి నన్ను పట్టుకుంది. వారం తిరగకుండానే నొప్పులు వచ్చాయి. ఈసారీ పేగు చుట్టుకుంది. మరిడమ్మ దాన్ని వేలితో తప్పించి, బిడ్డను తలకిందులుగా పట్టి వీపు మీద ఒక్కటేసింది. ఆడపిల్ల. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. మా అత్తగారు గుమ్మం అవతల కూలబడి, "ఏడిచింది, ఏడిచిందే" అని దానికంటే గట్టిగా ఏడ్చారు.

ఆవిడ పుట్టిల్లు గోదావరి అవతల గట్టున కొవ్వూరులో. అన్నగారున్నారు. పురుడు వెళ్ళాక ఒక్కసారి పడవెక్కి చూసొస్తానన్నారు. రోజూ రేవుకి పోయి అవతలి గట్టు చూసి వచ్చేవారు. ఒకరోజు నల్లగా ఉందన్నారు, ఒకరోజు దగ్గరగా కనిపించిందన్నారు. పురుడు వెళ్ళకముందే మామగారి దగ్గర నుంచి కబురొచ్చింది. కాలవ తెరిచేదాకా సరుకు మోయడానికి ఆ బండి కావాలట. బండితో పాటు ఆవిడని కూడా పంపేయమన్నారట.

"రెండు రోజులు ఆగమనండి అత్తయ్యా" అన్నాను మంచం మీంచి.

"ఆగరే ఆయన."

"పోనీ ఈ పూటకి ఆగండి వదినగారూ" అని మా అమ్మ కూడా అడిగింది. జోగేశమైతే గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, కమ్మరి దగ్గర పట్టీలు తీయించేస్తాను. నీ ఒక్కదాని బరువుకి కమాన్లు సగమైనా వంగవే. నడుం విరిగిపోతుంది."

"తీయించకు. బస్తాలకి బాగుందన్నారుగా మీ నాన్న."

"పోనీ ఇసక గోతాలు వేయిస్తాను. లేదా నేను ఎక్కుతాను, బుల్లబ్బాయి ఎక్కుతాడు."

"ధాన్యం మోసే బండిలో ఇసకేస్తే మీ నాన్న ఊరుకోరు. నిన్ను ఇక్కడే ఉండమన్నాను కదరా, వదినకి తోడు. బుల్లబ్బాయికి జ్వరం, వాడు ఇక్కడే మూలన ముణగదీసుకుని పడుకున్నాడు, తోలేది మీ నాన్న పంపిన కుర్రాడు, వాడిదేం బరువు?" నా బిడ్డను ఒక్కసారి ఎత్తుకుని, తల వాసన చూసి, నా పక్కలో పడుకోబెట్టారు. "దానికి మెడ నిలిచాక మీ మామగారు మీ ఇద్దరికీ బండి పంపుతారు. అప్పుడు కూడా నాలాంటి పెద్దదాన్ని ఎవర్నన్నా ఎక్కించుకో" అన్నారు నాతో, నవ్వుతూ.

కిటికీ పక్కనే నా మంచం. బండి కదిలింది. మా వీధి రాళ్ళ మీద ఆ పెట్టె ఎగిరెగిరి పడుతోంది. అత్తగారు కర్రను రెండు చేతులా పట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. ప్రతి రాయికీ ఆవిడ ఎగిరి పడడం నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్కసారి కూడా ఆపమనలేదు.