చిన్నప్పుడు ఎలా ఉండేది?

నాంపల్లిలో ఆ క్లినిక్ మెట్లు ఎక్కుతున్నంతసేపూ దుర్గయ్య ముఖానికి దస్తీ అడ్డం పెట్టుకునే ఉన్నాడు. మెంటల్ డాక్టరు దగ్గరికి వెళ్తున్నట్టు ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా! దేవుడు ఊరుకుంటాడా? ఆ దేవుడే వరండాలో మొదటి కుర్చీలో సదాశివను తెచ్చి కూర్చోబెట్టాడు. లక్డీకాపూల్ ఆఫీసులో ఏళ్ల తరబడి దుర్గయ్యతో పాటు అటెండరుగా చేసిన మనిషి.

"ఏంది దుర్గయ్యా, గీడికొచ్చినవ్?"

"బీపీ చూపించుకుందామని," అన్నాడు దుర్గయ్య. బీపీ కోసం అక్కడికి ఎవరూ రారని సదాశివకూ తెలుసు.

నిజానికి వచ్చింది కూతురు కీర్తి కోసం. కీర్తి అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఒకరి అద్దాలు ఇంకొకరికి ఇచ్చి పంపడం ఈ మధ్య రెండుసార్లయింది. మళ్లీ జరిగితే పనిలోకి రావద్దని సేటు తెగేసి చెప్పాడు. ఆ రోజే ఆ పిల్ల ఫోనులో, దేనిమీదా ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉందేమో చూసే టెస్టు ఒకటి చేసుకుంది. వస్తువులు పోగొట్టుకుంటారా, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారా అని ప్రశ్నలు. అన్నింటికీ 'తరచుగా' అనే నొక్కింది. లక్షణాలు బలంగా ఉన్నాయని వచ్చింది. తండ్రిని బతిమాలి ఇక్కడికి లాక్కొచ్చింది.

డాక్టరు స్నేహలత ఆ ఫోను చూసి మర్యాదగానే పక్కన పెట్టింది. "ఈ టెస్టు డాక్టరును కలవమని చెబుతుందమ్మా, అంతే. ఉందో లేదో తేల్చదు. నిద్ర చాలకపోయినా, దిగులున్నా, థైరాయిడ్ ఉన్నా ఇవే జవాబులు రావచ్చు. ఏడీహెచ్‌డీ అయితే పన్నెండేళ్లలోపే కనబడి ఉండాలి." అని దుర్గయ్య వైపు తిరిగింది. "చిన్నప్పుడు ఎలా ఉండేది?"

దుర్గయ్య కుర్చీలో సర్దుకున్నాడు. బయటివాళ్లు బిడ్డ గురించి అడిగితే ఏం చెప్పాలో ఆయనకు కంఠతా వచ్చు. పోయిన నెల పెళ్లిచూపుల్లో చెప్పిందే మళ్లీ చెప్పాడు. "మా బిడ్డ బంగారం మేడం. సదువుల ఫస్టు. ఏ వస్తువు యాడ పెడితే గాడనే ఉంటుండె. ఒక్క వంక లేదు."

"బాపూ..." అంది కీర్తి.

"నువ్వూకో."

"చిన్నప్పుడు ఏమీ లేదంటే ఏడీహెచ్‌డీ అనుకోవడం కష్టం. మిగతా కారణాలు చూద్దాం," అని డాక్టరు రక్తపరీక్షలు రాసింది.

బయటికొచ్చాక దుర్గయ్యకు ప్రాణం లేచొచ్చింది. బిడ్డకు మెంటల్ అన్న పేరు పడలేదు, అంతే చాలు. మెట్ల దగ్గర కీర్తి ఆగిపోయింది.

"నువ్వు చిన్నప్పటిసంది అంటున్నదే నిజం బాపూ," అంది మెల్లగా. "నాకు బీమారి గీమారి ఏం లేదు. నేను కామ్‌చోర్‌నే."

కోపంతో అని ఉంటే ఎంతో బాగుండేది. ఆ పిల్ల నమ్మి అంది. దుర్గయ్య సిగ్గుతో చితికిపోయాడు. పని ఎగ్గొట్టేదని ఆయన పెట్టిన పేరే అది. పొద్దున లేచింది మొదలు ఇంట్లో అదే పిలుపు. బయట బంగారం, ఇంట్లో కామ్‌చోర్. నిజంగా ఆ పిల్ల ఎలా ఉండేదో మాత్రం ఎవరికీ చెప్పలేదు పెద్దమనిషి.

గబగబా వెనక్కి నడిచాడు. అప్పుడే సదాశివ డాక్టరు గదిలోకి వెళ్లబోతున్నాడు. తలుపు సగం తెరిచి ఉంది. దుర్గయ్య దస్తీ జేబులో కుక్కుకున్నాడు.

"సదన్నా, జర ఆగు," అని, వరండా అంతా వినబడేలా లోపలికి చెప్పాడు. "మేడం, నేను అబద్ధం చెప్పిన. నా బిడ్డ గట్ల లేకుండె."

సదాశివ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

మళ్లీ కూర్చున్నాక దుర్గయ్య తల ఎత్తకుండా చెప్పుకుంటూ పోయాడు. ఉప్పు తెమ్మని పంపితే బ్యాండుమేళం వెంటబడి అఫ్జల్‌గంజ్ దాకా పోయింది. పలక, చెప్పులు, గొడుగు, చెల్లెలి పట్టీలు, ఏదీ తిరిగి ఇల్లు చేరేది కాదు. రెండో తరగతిలో పరీక్ష సగం రాసి కిటికీలోంచి చూస్తూ కూర్చుందని పంతులమ్మ పిలిపించింది. డాక్టరు అన్నీ రాసుకుంది. ఇవాళే తేల్చేది కాదని, రక్తపరీక్షలు చేయించుకుని మళ్లీ రావాలని చెప్పింది.

కీర్తి తండ్రినే చూస్తోంది. "గివన్నీ నీకు యాదికున్నయా బాపూ? నాకే సగం యాదికి లేవు."

"ఎట్ల మరుస్త బిడ్డా," అన్నాడు దుర్గయ్య. "ఒక్కొక్కదానికి కొట్టిన గద."