కందనకాయ ఎవరిది?

నేను ఒక కత్తిని. కూరగాయలు తరిగే సుకుమారాన్ని కాను, గొంతులు కోసే జాతి. కెన్యా పడమటి దిక్కున ఒక కమ్మరి, విరిగిన లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సమ్మెటతో మోది మోది నన్ను పుట్టించాడు. దెబ్బలతో పుట్టినదాన్ని కనుక దెబ్బల సంగతి నాకు తెలుసు. మనుషులు తిండి దగ్గర కొట్టుకున్నంత కసిగా ఇంకెక్కడా కొట్టుకోరు.

మొదట నన్ను కొన్నది పట్నంలో రోజ్‌బెల్ అనే పెద్దావిడ. రిటైరైన హెడ్మిస్ట్రెస్, డెబ్బై ఏళ్లు. ఆ ఇంటికి కోడి కందనకాయలు అరకిలో ప్యాకెట్లలో వచ్చేవి. ఆవిడ వేపుడు చేయించుకుని తింటుంటే ఏ మగాడూ నోరెత్తలేదు. కొవ్వు తగ్గించమని డాక్టరు చెప్పాక, మాంసం మీది కొవ్వంతా నాతో గీకించి కుక్కకు వేయించేది. ఆచారాలన్నీ ఒక్క కోడి ఉన్న ఇళ్లలోనే కాపురం ఉంటాయని నాకు తర్వాత తెలిసింది.

పిడి వదులయ్యాక నన్ను బట్టలుతికే నలియాకాకు ఇచ్చేసింది. నలియాకాకూ డెబ్బై ఏళ్లే. చూస్తే తొంభై అనుకుంటారు.

వాళ్ల ఊళ్లో కందనకాయ ఇంటి యజమానిది. అది ఆయన కంచంలో కనబడకపోతే ఆ పూట కూర వండనట్టే లెక్క. యాభై రెండేళ్ల కాపురంలో కోళ్లను కోసిందీ, ఈకలు పీకిందీ, వండిందీ నలియాకా. కండలు తిన్నది మొగుడు వన్యామా. ఆమెకు మొక్కజొన్న సంకటి, కుండ అడుగున మిగిలిన పులుసు, అదృష్టం బాగుంటే కోడికాళ్లు.

ఒకరోజు ఉతుకుతూ ఉతుకుతూ తొట్టి దగ్గరే కూలబడింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తమే లేదు అవ్వా. మాంసం, గుడ్డు తినకపోతే ఈ వానాకాలం దాటవు" అని మొహం మీదే చెప్పేసింది.

ఆ ఆదివారం ఆమె కోడిని పట్టింది. సత్తువ చాలక మూడుసార్లు కోయాల్సి వచ్చింది. నెత్తురు మోచేతుల దాకా చిమ్మింది. కందనకాయను చీల్చి, లోపలి రాళ్లూ ఇసుకా రాల్చి, పసుపుపచ్చ పొర ఒలిచి, నిప్పుల మీద కాల్చి, గుమ్మానికి వీపు పెట్టి గబగబా తినేసింది.

వన్యామా కూరలో వేలు పెట్టి కెలికాడు. "ఏదే?"

"నేనే తిన్నా, పెద్దోడి నాయనా. నర్సమ్మ తినమంది."

"నర్సమ్మ నీ మొగుడా?" అంటూ కూర్చున్న పీట ఎత్తి మోదాడు. ఆమె కుడి మణికట్టు ఫట్‌మంది. కింద పడ్డాక డొక్కలో రెండు తన్నులు తన్నాడు. డెబ్బై నాలుగేళ్ల ముసలాడికి అంత బలం ఎక్కడిదంటారా? యాభై రెండేళ్ల కందనకాయలు మరి.

చెయ్యి కట్టులో ఉండగానే ఆయనకు మళ్లీ కోడి మీద మనసు పోయింది. ఈసారి నన్ను తానే పట్టాడు. కట్టె కొట్టినట్టు నరికాడు. తల ఒకవైపు, కోడి ఒకవైపు ఎగిరాయి. చేదు తిత్తి పగలగొట్టాడు. కందనకాయను చీల్చకుండా అలాగే కుండలో వేశాడు. లోపల రాళ్లుంటాయని, జన్మంతా తిన్నవాడికి తెలియదు! నలియాకా చూస్తూ కూర్చుంది, ఒక్క మాట చెప్పలేదు. నాకు ఆమె మీద ఎంత ముద్దొచ్చిందో!

కసుక్కున కొరికాడు. పన్ను విరిగింది. నోటినిండా ఇసుకా, రక్తమూ. ఆమె పగలబడి నవ్వింది. ఆయన చెయ్యెత్తి మీదికొచ్చేసరికి నేను ఆమె ఎడమ చేతిలో ఉన్నాను, నా మొన ఆయన బొడ్డు మీద ఉంది.

"కొట్టు. నీ పొట్టలో ఇన్నేళ్ల కందనకాయలు ఎక్కడున్నాయో కోసి చూస్తా."

బొడ్డు దగ్గర చిన్న నెత్తుటి చుక్క తేలింది. ఆయన కూర్చున్నాడు. మగాడు అంత వినయంగా కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. ఆమె ఎడమ చేత్తోనే ఆ కందనకాయను శుభ్రం చేసుకుని, ఆయన ఎదుటే చేదుచేదుగా నమిలి మింగింది.

కానీ ఇంట్లో మిగిలినవి మూడు కోళ్లు. యాభై రెండేళ్ల కరువు మూడు కోళ్లతో తీరుతుందా? వానాకాలం నడిమధ్యలో నలియాకా పోయింది.

ఏళ్లు నిండిన ఇల్లాలి చావుకు ఎద్దును కోయకపోతే ఊళ్లో పరువుండదు. ఆరుగురు మగాళ్లు తాళ్లతో దాన్ని పడగొట్టి, మెడ మీద నన్ను లాగారు. బొటనవేలంత ముక్క తిన్నందుకు చెయ్యి విరిగిన మనిషి పేరు చెప్పి, ఊరంతా రెండు రోజులు ఎద్దు మాంసం తిన్నది. పరామర్శకు వచ్చిన రోజ్‌బెల్, "డాక్టరు వద్దన్నాడు" అంటూ కంచం పక్కకు నెట్టింది. ఆడవాళ్లు పెరట్లో పేగులు కడుగుతున్నారు.

మొదటి ముక్క వన్యామాకు పెట్టారు. నమలబోయాడు; పన్ను విరిగిన చోట తగిలి విలవిల్లాడాడు. ముక్కను చేతిలోకి తీసుకుని, తల ఎత్తకుండానే, "ఒసే, కాస్త సన్నగా కోసి పెట్టవే" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపారు. నేను పక్కనే, ఎద్దు నెత్తుట్లో పడి ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను కడిగిపెట్టే మనిషి ఆమె ఒక్కతే. ఇప్పుడు చూరులో తుప్పు పడుతున్నాను.